ఉత్పన్నం

తహసీలు ఆఫీసు గేటుకు ఎదురుంగ నాది జిరాక్సు దుకాణం.
మరాఠీ రానోళ్లకు అర్జీలు రాస్త.
కాగితానికి రెండు రూపాయలు, అర్జీకి యాభై.
సిరోంచల ఇట్ల బతికేటోళ్లం ముగ్గురం,
నా చేతిరాత మంచిదని పేరు.

సోమవారం పొద్దుగాల్ల పోచమల్లు వచ్చిండు,
ప్రాణహితల వల వేసేటోడు.
ఎనక బిడ్డ, ఏడేండ్లది.
కండ్లు సగమే తెరుస్తది. నిద్ర కాదు,
రెప్పల నిండ నీరు.

"వరంగల్ల చూపెట్టినం సారూ, కిడ్నీలన్నరు.
పొద్దున్నే మూత్రం కాచి చూడుమన్నరు.
కాస్తే, విరిగిన పాల లెక్క..."
ఆడికే ఆపిండు.
ఏ గిన్నెల కాస్తరో నేనడుగలే.
వాళ్లింట్ల ఉన్నయే నాలుగు గిన్నెలు.

లక్షా ఎనభై వేలని రాసిచ్చిండ్రు, ఇంగ్లీషుల.
వంతెన దాటితే కాళేశ్వరం, అంత మన మాటే.
దవాఖానల నర్సమ్మ గూడ "బిడ్డా" అనే పిలిచింది,
కార్డు చూసి మాత్రం "ఇది మహారాష్ట్రది కదా" అన్నదట.
నాగపూరు పోతే కార్డు నడుస్తది, మాట నడువది,
బస్సుల పది గంటలు.
ఈ ఒడ్డున పడ్డ చేప ఆ ఒడ్డున అమ్ముడుపోతది.
జబ్బే, ఏ ఒడ్డున దింపాల్నో తెలువది.

ముందుగాల కావాల్సింది ఉత్పన్నం దాఖలా.
మరాఠీల ఉత్పన్నమంటే ఆమ్దానీ.
మనకేమో పుట్టుకచ్చుడు.
అలవాటుల పడి అట్లనే అడిగిన:
"ఏడాదికి నీ ఉత్పన్నమెంత?"
నెత్తి గోక్కున్నడు పోచమల్లు.
"ఇద్దరు పుట్టిండ్రు సారూ, ఒకడు దక్కలే."

పెన్ను మూత పెట్టి, మళ్ల తీసిన.
ఖర్చు మాత్రం రెండు భాషలల్ల ఖర్చే.

రేషను కార్డుల సారక్క,
ఆధారుల సరకా,
బడి రిజిస్టరుల సారిక.
ముగ్గురూ ఒక్క పిల్లేనని వంద రూపాయల స్టాంపు మీద రాసిన.
తలాఠీ సెలవు.
బేస్తారం కరెంటు లేదు.
శుక్రారం తలాఠీ వచ్చిండు, ముద్ర ఎవరో పట్టుకపోయిండ్రన్నడు.

పోయిన జాతరల మేడారం తీస్కపోయి
పిల్లకు నిలువెత్తు బంగారం తూచిండ్రట.
బెల్లమే, మనం బంగారమంటం.
ఇరవై రెండు కిలోలు తూగితే తల్లి బుచ్చక్క సంబురపడ్డది,
పిల్ల పెరిగిందని.
అండ్ల నాలుగు కిలోలు నీరేనని డాక్టరు ఇప్పుడు చెప్పిండు.
ఆ నాలుగు కిలోలు ఏ లెక్కల ముట్టినయో
అమ్మలనే అడగాలె.

బుచ్చక్క అవతలికి మిరపకాయ ఏర పోయింది.
ముందు కూలి అడిగితే మేస్త్రి ఇయ్యలే.
సాలు పక్క సాలు ఆడోళ్లు తలా ఒక్క రోజుది
కొంగుల కట్టి పంపిండ్రు.
ఆ నోట్లు లెక్కవెడుతుంటే కండ్లు మండినయి.
మిరప ఘాటన్న.
అది నిజమే గూడ.

అర్జీలు మూడు పంపినం.
నాగపూరుది జవాబు లేదు.
ఇంకోదానికి ఫోను చేస్తే పాట వినిపిస్తది.
ముంబై ట్రస్టుది తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో:
"ఆధారు ఫోటో ముఖం, ఇప్పటి ముఖం కలువలేదు.
వేరే పిల్ల అయి ఉండవచ్చు."

పోచమల్లుకు చదివి చెప్పలే.
తెల్ల కాగితం తీసి మరాఠీల రాసిన:
అయ్యా, కలువని ఆ ముఖమే జబ్బు.
మేం పైసలడిగేది దానికే.
పాత ముఖం తిరిగొస్తే
మీకు ఇంకో ఫోటో పంపుతం.
సంతకం దగ్గర బొటనవేలు పెట్టిచ్చిన.

యాభై ఇయ్యబోతే తీసుకున్న.
తీసుకోకుంటే సిగ్గువడి మళ్ల రాడు,
మళ్ల రావాలె, కాగితాలింకా ఉన్నయి.

మిషిన్ల నుంచి కాపీలు వస్తుంటే
సారక్క ఒకటి అందుకున్నది.
వేడిగ ఉన్నదేమో,
చెంపకు ఆనిచ్చుకొని
ఆ చిన్న సందుల నుంచి నన్ను చూసింది.
"ఇంకొకటి తియ్యవా?" అన్నది.

లోపల ఏ కాగితం పెట్టకుండనే
పచ్చ బొత్తాం ఒత్తిన.